సగము వచనము



ఈ నెల నేను ఒక ఆటకు విరోధముగా వ్రాయబూనితిని. అయితే ఆ ఆటమీద మోపవలసిన నేరములో ఒక భాగము నా నెత్తిమీదనే పడుచున్నది. కనుక మొదట నా సంగతి చెప్పి, పిమ్మట ఆట సంగతి చెప్పెదను.

మొన్నటి వేసవిలో ఒక ఆదివారమున, కంప్యూటర్ల మీదను ఫోనుల మీదను మన పిల్లలు ఆడు తుపాకీ ఆటలను గూర్చి ప్రసంగించుచు, 'డూమ్' అను ఆట పేరెత్తి, అది సైతాను బడి యనియు, దానిని ఆడువాడు సైతాను శిష్యుడనియు గట్టిగా పలికితిని. ఆ ఆటను నేను ఎన్నడును చూచియుండలేదు. దానిని ఆడు కుర్రవాడు మన సంఘములో ఒక్కడున్నాడని మాత్రము ఎరుగుదును. మాటలాడుచుండగా నా చూపు వానిమీదనే నిలిచెను; నా చూపు వెంబడి సంఘమంతటి చూపును వానిమీదికి తిరిగెను. అతడు పందొమ్మిదేండ్లవాడు, పట్టణములో ఫోనులు బాగుచేయు దుకాణములో పనిచేయుచున్నాడు. ఆరాధన ముగిసిన తరువాత గుమ్మము యొద్ద నిలిచి, "మీరు ఆ ఆట చూశారా అయ్యగారూ?" అని అడిగెను. లేదంటిని. "అందులో నేను కాల్చేది దయ్యాలనేనండి. ఒక భాగానికైతే పేర్లు కూడా బైబిలులోంచే తీశారు. చూసి చెప్పుంటే బాగుండేది" అని చెప్పులు తొడుగుకొని వెళ్లిపోయెను.

తరువాత నాలుగు ఆదివారములు అతడు గుడికి రాలేదు. ఐదవ వారము అతని తల్లి మా యింటికి వచ్చి, ఏమియు అడుగక, కొంగుతో కన్నులు తుడుచుకొనుచు అరుగు ప్రక్కను నిలిచెను.

ఆ సాయంకాలమే నేను వారింటికి పోయి, "బాబూ, బైబిలు పేర్లున్న ఆ భాగము నాకు చూపించు. మొదటినుండి కడవరకు చూచెదను" అంటిని. ఆరు రాత్రులు పట్టెను. అతడు తన పాత కంప్యూటరు మీద ఆడుచుండగా నేను ప్రక్కను కూర్చుండి ఒడిలో బైబిలు తెరచుకొంటిని. రెండు రాత్రులు నేనును మీటలు నొక్కి, బహు త్వరగా చచ్చితిని. కనుక ఇప్పుడు నేను చెప్పునది చూచి చెప్పుచున్నదే.

ఆట ఎట్టిది?

అమెరికా దేశమందలి టెక్సాస్ రాష్ట్రములో ఇడ్ సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థవారు 1993వ సంవత్సరము డిసెంబరు 10న ఈ ఆటను విడుదల చేసిరి. అంగారక గ్రహమునకు ఫోబోస్, డైమోస్ అను రెండు ఉపగ్రహములు కలవు. అచ్చట మనుష్యులు చేసిన ప్రయోగమువలన నరకద్వారము తెరువబడెనట, దయ్యములు బయలువెడలెనట, ఒక్క సైనికుడు మాత్రము మిగిలెనట. ఆ సైనికుడే ఆటగాడు. తెరమీద అతని దేహము కనబడదు. అతడు పట్టుకొన్న తుపాకీ మాత్రమే కనబడును. అడుగున అతని ముఖము చిన్నదిగా కనబడుచు, దెబ్బలు తగిలినకొలది రక్తసిక్తమగుచుండును.

మొదట ఇందులో మూడు భాగములుండెను. మొదటి భాగమును ఉచితముగా పంచిపెట్టి, తక్కిన రెండింటికి వెలపెట్టిరి. 1995లో 'ది అల్టిమేట్ డూమ్' అను పేరుతో మరల అమ్మకమునకు పెట్టినప్పుడు నాలుగవ భాగమును అదనముగా చేర్చిరి. నేను చూచినది ఈ నాలుగవ భాగమే. దీనికి 'దై ఫ్లెష్ కన్‌స్యూమ్డ్', అనగా నీ మాంసము క్షీణించెను, అని పేరు. ఇందులో తొమ్మిది మజిలీలున్నవి. కుర్రవారు వీటిని లెవెళ్లు అందురు. భాగము పేరును, మజిలీల పేరులును 1611 నాటి ఆంగ్ల బైబిలులోని మాటలే. ముప్పది యేండ్లు గడచినను ఇది చావలేదు. దీనిని కల్పించినవారిలో ఒకడైన జాన్ రొమెరో 2019లో 'సిజిల్' అను మరియొక భాగము చేసి ఉచితముగా ఇచ్చెను; అందులోని మజిలీల పేరులలోను షియోల్, అబద్దోను అను బైబిలు మాటలు కలవు.

అబద్ధసాక్ష్యము వద్దు

ఆటను ఖండించుటకు ముందు మనవారు దానిమీద వేయు ఒక నేరమును నేను కొట్టివేయవలెను. 1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రమందలి కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తోటివారిని కాల్చి చంపిరి. ఆ ఇద్దరును ఈ ఆట ఆడినవారే. ఆ దినము మొదలుకొని, ఈ ఆటయే వారిచేత హత్య చేయించెనని అనేకులు చెప్పుచు వచ్చిరి. కాని దీనిని ఆడినవారు లక్షలకొలది యున్నారు. వారు ఎవరిని చంపిరి? ఆడినవాడెల్ల నరహంతకుడగునని బల్లగుద్ది చెప్పుట అబద్ధసాక్ష్యమే. తొమ్మిదవ ఆజ్ఞ మన శత్రువు విషయములో సహితము చెల్లును.

మరి ఆ కుర్రవాడు గుమ్మము యొద్ద చెప్పిన మాటకు ఏమందుము? తాను కాల్చునది దయ్యములనే గదా అని అతని వాదము. ఈ ఆటను తయారుచేసినవారిలో శాండీ పీటర్సన్ అనువాడు కడవరి దినముల పరిశుద్ధుల సంఘమునకు చెందినవాడు. ఆయన వాదమును ఇదే: ఆటలో దయ్యములు చెడ్డపక్షమే గనుక తన మనస్సాక్షికి అభ్యంతరము లేదని ఆయన తలంపు. ఇది కొట్టిపారవేయదగిన మాట కాదు. అపవాదిని ఎదిరించుమని మనమును బోధించుచున్నాము గదా! కాబట్టి ఈ వాదము నిలుచునో లేదో, ఆ భాగము తనకు తాను పెట్టుకొన్న పేరులచేతనే తీర్పు తీర్చుదము.

వచనము ఎచ్చట తెగెను?

మొదటి మజిలీ పేరు 'హెల్ బినీత్', క్రిందనున్న పాతాళము. ఈ మాట సామెతలు 15:24లోనిది. బుద్ధిమంతుని త్రోవ పైకి పోవుననియు, అందువలన అతడు క్రిందనున్న పాతాళమునకు దూరమగుననియు సొలొమోను భావము. ఆట ఆ వచనములోని 'పై' త్రోవను విడిచి, 'క్రింద' అను మాటను తీసికొని, వాకిలిమీద వ్రాసికొనెను. విడిచి పొమ్మన్న చోటునే ప్రవేశద్వారముగా చేసెను. ఆ మజిలీలో ప్రాణము నిలుపుకొను మందుపెట్టెలు బహు తక్కువ. కుర్రవాడు మొదటి రాత్రి పలుమారులు చచ్చి, మరల మరల మొదలుపెట్టెను.

రెండవది 'పర్‌ఫెక్ట్ హేట్రెడ్', సంపూర్ణ ద్వేషము. నిప్పుమడుగు మీద ఇరుకైన దారులు. అడుగు తప్పిన వానికి అగ్నియే. ఈ మాట 139వ కీర్తన 22వ వచనములోనిది. దేవుని పగవారిని తాను పూర్ణముగా ద్వేషించుచున్నానని దావీదు అచ్చట చెప్పుచున్నాడు. అయితే ఆ కీర్తన అచ్చట ఆగలేదు. వెంటనే 23వ వచనములో అతడు తనవైపు తిరిగి, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొమ్మని దేవుని వేడుకొనుచున్నాడు. పగవారిని చూపిన వ్రేలు మరుక్షణమే తన రొమ్మువైపు మళ్లెను. మేమా రాత్రి రెండు గంటలసేపు 22వ వచనములోనే యుంటిమి. 23వ వచనమునకు పోవు ద్వారము ఆ మజిలీలో లేదు. అందులో ఒక రహస్య ద్వారము మాత్రము కలదు. అది ఎచ్చటికి పోవునో ఎరుగుదురా? తొమ్మిదవ మజిలీకి పోవును. దాని పేరు 'ఫియర్', భయము. సంపూర్ణ ద్వేషము చాటుదారిని భయమునకే చేర్చునని కల్పించినవారు తలంచి చేసిరో లేదో గాని, ఆ మార్గము నిజమైనదే. భయమును వెళ్లగొట్టునది సంపూర్ణ ప్రేమ యని యోహాను వ్రాసెను; ఆ పేరుగల మజిలీ ఈ ఆటలో లేదు.

మూడవది 'సెవర్ ద వికెడ్', దుష్టులను వేరుచేయుము. మత్తయి 13:49. సముద్రతీరమున వలలు లాగువారికి ఈ ఉపమానము నేను వివరింప నక్కరలేదు. వల ఒడ్డునకు వచ్చినతరువాతనే గదా పనికివచ్చు చేపను, పనికిరాని చేపను ఏరుదురు? యుగాంతమున ఆ ఏరుపని దేవదూతలదని ప్రభువు చెప్పెను. వల ఇంకను నీటిలో ఉండగానే ఆట ఆ పనిని ఒక మనుష్యుని తుపాకీకి అప్పగించుచున్నది.

నాలుగవ మజిలీ పేరు చూచి నేను ఆగిపోతిని. 'అన్‌రూలీ ఈవిల్', లోబడని దుష్టత్వము. తెరమీద అది దయ్యముల గుహకు పెట్టిన పేరు. ఆంగ్ల బైబిలులో ఆ మాట యాకోబు 3:8లో ఉన్నది. మీ బైబిలు తెరచి చూడుడి. అచ్చట యాకోబు దయ్యములను గూర్చి మాటలాడుట లేదు. నా నోటిలోని నాలుకను గూర్చి మాటలాడుచున్నాడు. మరణకరమైన విషము ఆ చిన్న అవయవములో నిండియున్నదని చెప్పుచున్నాడు. నేను బైబిలు ఆ కుర్రవాని చేతికిచ్చి ఆ వచనము చదువుమంటిని. అతడు బిగ్గరగా చదివి, నా వైపు చూడక తెరవైపే చూచెను. నేనును నేలవైపు చూచితిని. ఆ రాత్రి ఆట అంతటితో నిలిపితిమి.

ఐదవది 'దే విల్ రిపెంట్', వారు మారుమనస్సు పొందుదురు. లూకా 16:30. ఈ మాటలు ఎవరివో ఎరుగుదురు గదా! పాతాళమున యాతనపడుచున్న ధనవంతునివి. తన ఐదుగురు సహోదరులైనను ఈ స్థలమునకు రాకుండవలెనని అతడు అబ్రాహామును బతిమాలుకొనుచున్నాడు. ప్రభువు చెప్పిన ఆ కథలో అగ్నిజ్వాలలోనున్న వానికి సహితము తనవారు మారవలెనను ఆశ యుండెను. ఆటలో ఆ ఆశ ఒక్కనికిని లేదు. ఆ మజిలీలో నేను ఎంత వెదకినను మారుమనస్సు పొందినవాడు ఒక్కడును కనబడలేదు. పొందుటకు వీలును లేదు. ఎదురైన ప్రతివాడును చంపవలసినవాడే. బ్రదుకుచున్న వారి కొరకు చచ్చినవాడు చేసిన మొరను తీసికొని కాల్పుల గదికి పేరు పెట్టిరి.

ఆరవ, ఏడవ మజిలీలను గూర్చి విస్తరింపను. ఒకటి అదే 139వ కీర్తనలోనిది. మరియొకటి ప్రకటన 6:8లోని మృత్యువను రౌతు వెంట వచ్చు పాతాళమును గూర్చినది. అక్కడను అంతే, మాట తీసికొనిరి, మాట నడుచు దిక్కును విడిచిరి.

కడపటిది 'అంటు ద క్రూయెల్', క్రూరులకు. సామెతలు 5:9లో తండ్రి తన కుమారుని బుజ్జగించుచు, నీ యేండ్లను క్రూరులకు ధారపోయకుమని చెప్పుచున్నాడు. భాగమంతటికి పెట్టిన పేరు సహితము ఆ అధ్యాయములోనిదే, పదకొండవ వచనము. మాంసము క్షీణించినవాడు అచ్చట శత్రువు కాడు. ఉపదేశమును త్రోసివేసి, బోధకుల మాట వినక, చివరకు తన్ను తాను తిట్టుకొనుచు మూలుగు పడుచువాడే. ఈ మజిలీలో సాలెపురుగు దేహమును పెద్ద మెదడును గల ఒక భూతము నిలిచియుండును. దానిని చంపిన పిమ్మట ఆట ముగిసి తెరమీద కొన్ని మాటలు వచ్చును. వీరుడవై దయ్యముల గుంపునకు నిత్యదండన విధించితివని ఆటగానిని పొగడి, ఏమైనను నీ పెంపుడు కుందేలునకు జరిగినదానికి ఎవరో ఒకరు వెల చెల్లింపవలసినదే గదా అని ముగించును. కుందేలు మాట హాస్యమునకే వ్రాసిరి. కుర్రవాడు నవ్వెను, నేనును నవ్వితిని. అయినను నవ్విన పిమ్మట ఆలోచింపుడి. నిత్యదండన విధించు అధికారము సింహాసనాసీనునిది. పగతీర్చుట తన పని యని ప్రభువు చెప్పినట్లు పౌలు రోమీయులకు వ్రాసెను. ఇచ్చట ఆ సింహాసనము మీద కూర్చుండుటకు ఒక కుందేలు చాలెను!

ఇంతకు నేను కనుగొన్నది ఇది: తొమ్మిది పేరులలో చాలవరకు, వచనము ఎచ్చట వినువానివైపు తిరుగునో సరిగా అచ్చటనే తెగియున్నది. మిగిలిన సగము ఎదుటివానిమీదికి గురిపెట్టబడియున్నది. తుపాకీకి ముందున్నదంతయు చెడుగు. తుపాకీ వెనుకనున్నవాడు మంచివాడు. దయ్యములు చెడ్డవే, కాని కాల్చువానికి తన హృదయమును చూచుకొను గడియ ఈ ఆటలో ఎన్నడును రాదు. దయ్యములనే కాల్చుచున్నానను వాదము ఇక్కడ కూలిపోవుచున్నది.

రెండు గురుతులు

దీనికి ఇంకను రెండు గురుతులు చూపుదును. ఈ ఆటలో తుపాకులు పట్టుకొని వచ్చు కొందరు శవప్రాయులైన సైనికులున్నారు. ఆట వివరణ పుస్తకము వారిని 'పూర్వపు మనుష్యులు' అని పిలుచుచున్నది. నిన్నటివరకు ఆటగానితో కలిసి తిరిగిన తోటి సైనికులే వారు. వారిలోనుండి దయ్యమును వెళ్లగొట్టుటకు మీట లేదు, కాల్చుటకే మీట. గెరాసేనుల దేశమున సమాధులలో తిరిగినవానిని గూర్చి మార్కు 5వ అధ్యాయము చదువుడి. ప్రభువు సేనయను దయ్యమును వెళ్లగొట్టి మనుష్యుని నిలిపెను. వాడు బట్టలు కట్టుకొని స్వస్థబుద్ధితో కూర్చుండెను. దయ్యముతో యుద్ధమనగా మనుష్యుని దక్కించుకొనుట.

రెండవది, ప్రతి మజిలీ చివర ఒక లెక్క చూపబడును: నూటికి ఎందరిని చంపితివి, ఎన్ని వస్తువులు ఏరుకొంటివి, ఎన్ని రహస్యస్థలములు కనుగొంటివి, ఎంత కాలము పట్టెను. నూటికి నూరు చంపిన దినమున కుర్రవాని ముఖము వెలిగెను. ఎందరు బ్రదికిరి అను గడి ఆ పట్టికలో లేదు.

కొందరు, అట్లయితే మనమే క్రైస్తవ ఆట చేయుదమని చెప్పుదురు. అదియు అయినది. ఈ ఇడ్ సంస్థవారే 1992లో చేసిన 'వోల్ఫెన్‌స్టైన్' అను తుపాకీ ఆటయొక్క యంత్రాంగమును తీసికొని, విజ్డమ్ ట్రీ అను సంస్థవారు 1994లో నోవహు ఓడను గూర్చిన ఆటను చేసిరి. అందులో నోవహు ఓడలోని నడవలలో తిరుగుచు, తన మీదికి వచ్చు మేకలను తక్కిన జంతువులను ఒడిసెలతో ఆహారము విసరి నిద్రపుచ్చును! రక్తము పోయెను, మేలే. కాని ఎదురైన దానిమీదికెల్ల గురిపెట్టుట పోలేదు. పాత కావడికి క్రొత్త రంగు వేసినందువలన అందులోని నీరు మారదు.

మన సంగతి

ఇంతవరకు చదివి, మా యింట కంప్యూటరు లేదు గనుక ఈ దెబ్బ మాకు తగలదని తృప్తిపడుచున్నవారలారా, ఇప్పుడు మీతోను నాతోను మాటలాడవలెను. వచనమును సగము త్రుంచి ఎదుటివాని మీద ప్రయోగించుట టెక్సాస్ వారు కనిపెట్టిన విద్య కాదు. వారికంటె ముందు మనము నేర్చితిమి.

సంఘపు లెక్కలు చూపుమని అడిగినవాని నోరు మూయించుటకు, దేవుని అభిషిక్తులను ముట్టవద్దను మాట ఎన్ని ఊళ్లలో వినబడలేదు? ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో భార్య లోబడవలెనను 22వ వచనమును కంఠస్థము చేసినవాడు, భర్త తన్ను తాను అప్పగించుకొనవలెనను 25వ వచనమునకు వచ్చుసరికి పుస్తకము మూయుట లేదా? దశమభాగము కొరకు మలాకీ 3వ అధ్యాయము ఎనిమిదవ వచనము చదువు మనము, కూలివాని కూలిని బిగబట్టువారిమీద తీర్పు చెప్పు ఐదవ వచనమును ఎందుకు దాటిపోవుచున్నాము? పని చేయనొల్లనివానిని గూర్చి పౌలు వ్రాసినదానిని, పని చేయలేని ముసలివితంతువు మీదికి విసరినవారిని నేనెరుగుదును. ఇవన్నియు సగము వచనములే. తుపాకీ వెనుకనున్నవాడు మంచివాడను నమ్మకమే మనదియు.

ఆ ఆదివారము నేను చేసినది అదే. అపవాదిని ఎదిరించుచున్నాననుకొని, ఒక విధవరాలి కుమారుని సంఘమంతటి యెదుట కాల్చితిని. చూడని దానిని చూచినట్లు చెప్పితిని. నా నూటికి నూరు లెక్క నాకు దొరికెను. ఒక ప్రాణము గుడి గుమ్మము దాటి వెళ్లిపోయెను.

ఏమి చేయవలెను?

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏమి ఆడుచున్నాడో ప్రక్కను కూర్చుండి చూడుడి. ఫోను లాగికొని విసరికొట్టుట సులువు. ఒక గంట ప్రక్కను కూర్చుండుట కష్టము. ఆ కష్టమే ప్రేమ. చూచిన తరువాత మీరు చెప్పు మాటకు బలముండును.

పెద్దలారా, పాస్టరుగారలారా, ఒక యౌవనుని గద్దింపవలసియున్నయెడల ఒంటరిగా గద్దింపుడి. మత్తయి 18:15 ఆ క్రమమునే నేర్పుచున్నది. మైకు యెదుట గద్దించుట వానిని సంపాదించుకొను మార్గము కాదు.

యౌవనులారా, మీతో ఒక మాట. ఈ ఆట మిమ్మును నరహంతకులుగా చేయునని నేను చెప్పను. కాని నేను ఆరు రాత్రులు లెక్కపెట్టితిని. మీరు ఎన్ని లెక్కపెట్టుదురు? కడపటి మజిలీ పేరున్న వచనమును పూర్తిగా చదువుడి. క్రూరులకు ధారపోయబడునవి మీ యేండ్లే యని తండ్రి మొరపెట్టుచున్నాడు. ఆటలో చచ్చినవాడు మీట నొక్కి మరల లేచును; ఖర్చయిన రాత్రి లేవదు. చెడుగు ఎల్లప్పుడును ఎదుటనే యున్నదని నేర్పు ఏ ఆటయైనను, ఏ ప్రసంగమైనను, మీ ఆత్మకు మేలు చేయదు.

మరుసటి ఆదివారమున నేను అదే స్థలమున నిలిచి, నా తప్పు సంఘము ఎదుట ఒప్పుకొంటిని. బహిరంగముగా పలికిన మాటను చాటున ఉపసంహరించుకొనుట న్యాయము కాదు. ఆ దినమున అతడు రాలేదు. అతని తల్లి మాత్రము వచ్చి, ముందు చాపమీద కూర్చుండెను. మూడు వారములు గడచినతరువాత ఒక ఉదయమున, రెండవ కీర్తన పాడుచుండగా, అతడు లోపలికి వచ్చి గోడ ప్రక్కను కూర్చుండెను. ఆట మానితివా అని నేను అడుగలేదు. ఆరాధన తరువాత అతడే నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ నూట ముప్పై తొమ్మిదో కీర్తన చివరిదాకా చదివానండి" అనెను.

మనమును చివరివరకు చదువుదము. వ్రేలు మనవైపు తిరుగు చోట పుస్తకము మూయకుందుము గాక.